క్యామెల్ 1/72కి తీగలు బిగిస్తుంటే పై రెక్క వంగిపోతోంది, దారి చెప్పండి

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. నెల రోజులుగా రాత్రి భోజనాలయ్యాక కూర్చుని 1/72 (అసలుదానిలో 72వ వంతు) సోప్విత్ క్యామెల్ మోడల్ కడుతున్నాను, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం అది. ఇన్నాళ్లూ చేసినవన్నీ ఒంటి రెక్క విమానాలే, రెండు రెక్కలది ఇదే మొదలు. మన దేశం పైలట్ హర్దిత్ సింగ్ మాలిక్ 1917లో బ్రిటిష్ 28వ స్క్వాడ్రన్‌లో నడిపింది క్యామెలే అని చదివినప్పటి నుంచి దీన్ని కట్టాలని కోరిక. రంగులు వేశాను, డీకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అంటించాను, రెండు రెక్కలూ నిలబెట్టాను, అంతవరకూ బాగానే ఉంది. తర్వాత కళింగపట్నంలో వలలు కట్టే ఒకాయన్ని అడిగి ఆయన దగ్గరున్న వాటిలో సన్న తంగూసు తెచ్చుకుని, ఎడమ పక్క తీగలు కట్టి బాగా లాగి సూపర్ గ్లూ పెట్టాను. పొద్దున్న లేచి చూస్తే పై రెక్క ఎడమ చివర కిందకి వంగి ఉంది. సరే, కుడి పక్క కూడా అంతే గట్టిగా లాగితే సరిపోతుందనుకుని లాగాను. ఒక స్ట్రట్ (రెండు రెక్కల మధ్య నిలబెట్టే పుల్ల) టప్పున ఊడి వచ్చేసింది, దాంతో ఎడమ పక్కవి వదులైపోయాయి. ఇప్పుడు వెనక నుంచి చూస్తే తోక ఒక దారి, రెక్క ఒక దారి.

ఇంకో అనుమానం కూడా ఉంది. కింది రెక్క రెండు వైపులా పైకి లేచి ఉంది, పై రెక్క మాత్రం తిన్నగా ఉంది. వేడినీళ్లలో ముంచి కింది రెక్కని తిన్నగా చేద్దామా అనుకుంటున్నాను. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి, పడేయాలంటే మనసొప్పడం లేదు.

కోటగోడ (విజయనగరం)
బాబూ, ముందు ఆ వేడినీళ్లు పక్కన పెట్టెయ్. నీ కిట్‌లో తప్పేమీ లేదు. అసలు క్యామెల్ అలాగే ఉంటుంది. పై రెక్కని తయారీ తేలికగా ఉంటుందని తిన్నగా పెట్టారు, దానికి సరిపడా కింది రెక్కని 5 డిగ్రీలు పైకి లేపారు. అందుకే ముందు నుంచి చూస్తే రెక్కల మధ్య జాగా విమానం ఒంటి దగ్గర ఎక్కువగా, చివర్లకి వెళ్లేకొద్దీ తక్కువగా కనిపిస్తుంది. దాన్ని తిన్నగా చేశావంటే అది ఇంక క్యామెల్ కాదు, స్ట్రట్‌లు కూడా పొడవు చాలవు.

ఇక తీగల సంగతి. ఏ తీగ ఎందుకుందో తెలిస్తే ఎంత లాగాలో దానంతట అదే తెలుస్తుంది. కింది రెక్క ఒంటికి అతికే చోట మొదలై ఏటవాలుగా పైకి, స్ట్రట్ పై చివరికి వెళ్లేవి ఫ్లయింగ్ వైర్లు. గాల్లో ఉన్నప్పుడు రెక్కలు పైకి మడుచుకుపోకుండా పట్టుకునేవి అవే, భారమంతా వాటి మీదే పడుతుంది, అందుకే క్యామెల్‌కి అవి జంటగా పక్కపక్కనే రెండేసి ఉంటాయి. పై రెక్క నడుమ నుంచి ఏటవాలుగా కిందకి, స్ట్రట్ కింది చివరికి వచ్చేవి ల్యాండింగ్ వైర్లు. నేల మీద ఉన్నప్పుడు రెక్కలు బరువుకి వాలిపోకుండా మోసేవి ఇవి, ఒక్కొక్కటే ఉంటాయి. ముందు స్ట్రట్‌కీ వెనక స్ట్రట్‌కీ మధ్య కత్తెరలా వెళ్లేవి ఇన్సిడెన్స్ వైర్లు, రెక్క మెలి తిరగకుండా చూస్తాయి.

ఇప్పుడు నువ్వు చేసిన పని చూడు. ఎడమ పక్క ఫ్లయింగ్ వైర్లని మొత్తం బిగించి అతికించేశావు. దానికి ఎదురు లాగే తీగ ఒక్కటీ లేదు. ప్లాస్టిక్ రెక్క ఎటు లాగితే అటు వస్తుంది, రాత్రంతా అలా ఉంటే ఆ వంపు నిలిచిపోతుంది. అసలు విమానానికైనా మెకానిక్కులు ఇలా ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకి వెళ్లరు.

తంత్రి_బొబ్బిలి (బొబ్బిలి)
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంటి చుట్టూ వీణలు చేసేవాళ్లే, చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. వీణకి 7 తంత్రులు ఎక్కించేటప్పుడు ఒకదాన్ని పూర్తి శ్రుతికి లాగేసి తర్వాత రెండోదాని దగ్గరకి వెళ్లరు. అన్నీ ముందు కాస్త వదులుగా ఎక్కిస్తారు, తర్వాత ఒక చుట్టు ఇది, ఒక చుట్టు అది, మళ్లీ మొదటికి. పనస కర్ర అంత గట్టిది, దానికే ఆ జాగ్రత్త కావాలి. మీ రెక్క అగ్గిపుల్లంత మందం కూడా ఉండదు.

నేను బైప్లేన్‌కి చేసే పద్ధతి ఇదే. ఎడమ ముందు తీగ, కుడి ముందు తీగ, ఎడమ వెనక, కుడి వెనక, ఇలా అటొకటి ఇటొకటి దూరుస్తాను. దూర్చిన ప్రతి దారం చివర ఒక బట్టల క్లిప్పు వేలాడదీస్తాను. క్లిప్పులన్నీ ఒకే బరువు కాబట్టి లాగుడు రెండు పక్కలా సమానంగా ఉంటుంది. అన్నీ వేలాడాక ముందు నుంచి, వెనక నుంచి, పై నుంచి చూసుకుని అప్పుడు మాత్రమే గ్లూ ముట్టుకుంటాను.

వంశధార_నీరు (నరసన్నపేట)
క్లిప్పుల ఉపాయం బాగుంది బ్రదర్, నేను గింజుకుంటున్నది సరిగ్గా అక్కడే. ఒక సందేహం. తంగూసు కాకుండా పొందూరు నూలు వాడొచ్చా? 100 కౌంటు నూలు వెంట్రుకంత సన్నంగా ఉంటుంది, మా బంధువుల ఇంట్లో ఉంది.

కోటగోడ (విజయనగరం)
మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం. అసలు విమానం మీద తీగ 6 మిల్లీమీటర్లు అనుకుంటే, 72తో భాగిస్తే 0.08 మిల్లీమీటరు. అంటే మన తల వెంట్రుకంత. 100 కౌంటు నూలు దాదాపు 0.09 మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి మందం లెక్కన అది సరిగ్గా సరిపోతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి వడికిన నూలు అంత సన్నం వస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ నూలుకి నూగు ఉంటుంది. చేతిలో చూస్తే కనిపించదు, 11.8 సెంటీమీటర్ల రెక్క మీదకి వచ్చేసరికి ప్రతి తీగా గొంగళిపురుగులా కనిపిస్తుంది. పైగా రంగు తగిలితే ఉబ్బుతుంది, మన దగ్గర గాలిలో తేమకి వదులవుతుంది. తేనెమైనం రాసి, రెండు వేళ్ల మధ్య నాలుగైదు సార్లు లాగితే నూగు కొంత అణుగుతుంది గానీ పూర్తిగా పోదు. పెద్ద స్కేల్ నౌకలకి అదే నూలు తాళ్లుగా అద్భుతంగా ఉంటుంది, దాచుకో.

నాగావళి తెచ్చిన తంగూసు కూడా ఇదే లెక్కలో చూడాలి. వలల్లో వాడే సన్నది 0.2 అనుకున్నా, 72తో గుణిస్తే 14 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే ఇంటి శ్లాబులో వేసే ఇనుప చువ్వంత లావు తీగ విమానానికి కట్టినట్టు. అది గట్టిగా లాగింది కాబట్టే నీ స్ట్రట్ ఊడింది. 0.08 నుంచి 0.1 లోపు దొరికితేనే తంగూసు జోలికి వెళ్లు.

సన్నతీగ (చీపురుపల్లి)
నేను వాచీలు బాగుచేస్తాను, మోడల్స్ కట్టడం సాయంత్రాలు. నా అభిప్రాయం వేరు. 1/72లో అసలు లాగాల్సిన దారమే వాడొద్దు. పాత ఫోన్ చార్జర్ వైరు కోయండి, లోపల సన్నటి రాగి పోగులు బోలెడు ఉంటాయి, చాలావాటిలో 0.1 కంటే తక్కువే. ఒక పోగు తీసి రెండు చివర్లూ పట్టకారుతో పట్టుకుని మెల్లగా, తెగే ముందు వరకూ లాగితే తిన్నగా అవుతుంది. తర్వాత అద్దం ముక్క మీద పెట్టి పైన స్టీలు స్కేలు ఆనించి ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు దొర్లించాలి. వేలితో ముట్టుకుంటే మళ్లీ వంగుతుంది, కాబట్టి ఇక్కడి నుంచి పట్టకారే. అది సూదిలా నిలబడుతుంది.

జామెట్రీ బాక్సులో డివైడర్ ఉంటుంది కదా, దాంతో రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి, తీగని అంతే పొడవు కోసి, చివర్లకి తెల్ల జిగురు చుక్క అద్ది మధ్యలో నిలబెట్టడమే. ఎక్కడా లాగుడు లేదు, కాబట్టి రెక్క వంగే ప్రసక్తే లేదు. పొట్టిదైతే మళ్లీ కోసుకోవచ్చు, పోయేదేముంది. వాచీ వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి ఉంటే ఇంకా సుఖం.

తంత్రి_బొబ్బిలి (బొబ్బిలి)
రాగి తీగ చూడటానికి చాలా బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ సన్నతీగ గారూ, ఇంట్లో పిల్లలుంటే అది నిలవదు. ఒకసారి వేలు తగిలిందంటే వంగిందే, మళ్లీ తిన్నగా రాదు. నా అల్బట్రాస్ (జర్మన్ బైప్లేన్) మోడల్‌కి దుమ్ము దులుపుతుంటే రెండు పోయాయి. లైక్రా పోగు అయితే వేలు తగిలినా సాగి మళ్లీ దాని చోటికి వస్తుంది. పాత లెగ్గింగ్ అంచు పీకితే సన్న లైక్రా పోగులు వస్తాయి, వాటిని కాస్త సాగదీసి అతికించుకోవచ్చు.

సన్నతీగ (చీపురుపల్లి)
లైక్రాని నేనూ వాడాను. దానికి సమస్య ఒక్కటే, అంటించేటప్పుడు వేలి మీదకి చుట్టుకుంటుంది. మరీ ఎక్కువ సాగదీస్తే సన్న స్ట్రట్‌ని అదీ లాగుతుంది. ఎంత పొడవు కావాలో దాని కంటే ఆరో వంతు తక్కువ కోస్తే నాకు సరిపోయింది. గాజు షోకేసులో పెట్టేదైతే రాగి, చేతులు తగిలే చోట పెట్టేదైతే లైక్రా. తంగూసు సన్నది దొరికితే మూడో దారి: వదులుగా ఉన్న చోటికి వెలిగించిన అగరబత్తి నిప్పు దగ్గరగా తెచ్చి, తగలకుండా ఒక్క క్షణం ఉంచితే ముడుచుకుని బిగుస్తుంది. రెండో క్షణం ఉంచితే తెగిపోతుంది, ముందు వేరే చోట అలవాటు చేసుకోండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, చాలా థ్యాంక్స్. ఇప్పుడు మొదటి గండం, అతికించేసింది విప్పడం ఎలా? నెయిల్ పాలిష్ రిమూవర్ పెట్టొచ్చా?

కోటగోడ (విజయనగరం)
వద్దు, అది ప్లాస్టిక్కునీ రంగునీ కూడా కరిగించేస్తుంది. ముందు కొత్త బ్లేడుతో తీగలన్నీ కోసెయ్, లాగుడు పోతుంది. తర్వాత విమానాన్ని డబ్బాలో పెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచు. చలికి సూపర్ గ్లూ పెళుసుబారుతుంది, తీసిన వెంటనే అతుకు దగ్గర వేలితో మెల్లగా అటూ ఇటూ కదిపితే విడిపోతుంది. తొందరపడి మెలి తిప్పకు.

విడిపోయాక రెక్కలు మళ్లీ పెట్టేముందు ఒక అచ్చు చేసుకో. పాత శుభలేఖ అట్టలు గట్టిగా ఉంటాయి. కిట్‌తో వచ్చిన బొమ్మలో ముందు వైపు కొలతలు చూసి, రెక్కల మధ్య జాగా ఎంత ఉండాలో ఆ ఆకారంలో నాలుగు ముక్కలు కొయ్యి. క్యామెల్‌కి జాగా చివరికి తగ్గుతుంది కాబట్టి లోపలివి పొడుగ్గా, బయటివి పొట్టిగా వస్తాయి. వాటిని కింది రెక్క మీద నిలబెట్టి దాని మీద పై రెక్క ఆనించాలి. పై రెక్క కింది రెక్క కంటే ముందుకి జరిగి ఉంటుందని మర్చిపోకు, పక్క నుంచి చూసి సరిచూసుకో. నడుమ స్ట్రట్‌లు (ఒంటికీ పై రెక్కకీ మధ్యవి) ముందు అతికించి ఒక రాత్రి వదిలెయ్, బయటివి రెండో రోజు.

రంధ్రాలు మాత్రం పై రెక్క ఎక్కించక ముందే చెయ్యాలి. చేతి డ్రిల్‌లో 0.3 బిట్ పెట్టి, స్ట్రట్ గుంట పక్కనే, తీగ వచ్చే ఏటవాలులోనే తొలవాలి, నిటారుగా తొలిస్తే తీగ ఆ మూల దగ్గర మడత పడి వంకరగా కనిపిస్తుంది. చాలామంది తీగ తిన్నగా రాలేదని దారాన్ని తిడతారు, తప్పు రంధ్రానిది.

పలాస_జీడి (పలాస)
నాకో అనుమానం. నేను ఇంకా మొదలే పెట్టలేదు. రెండు రెక్కలకే ఇంత పనుంటే ఫోకర్ ట్రైప్లేన్ లాంటిది జన్మలో చేయగలనా? జర్మన్ పైలట్ రిఖ్తోఫెన్ ఎర్ర విమానం అంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి.

కోటగోడ (విజయనగరం)
బాబూ, నువ్వు దాంతోనే మొదలుపెట్టు. మూడు రెక్కలంటే తీగలు మూడింతలు ఉంటాయనుకుంటారు, ఫోకర్ డీఆర్-1కి రెక్కల మధ్య ఆ కత్తెర తీగలే లేవు. దాని రెక్కలు మందంగా ఉంటాయి, లోపల పెట్టె ఆకారపు దూలం ఉంటుంది, దాని బలం మీదే నిలబడతాయి. మొదటి నమూనాకి రెక్కల మధ్య స్ట్రట్‌లు కూడా లేవు, గాల్లో చివర్లు ఊగుతున్నాయని తర్వాత పక్కకి ఒకటి చొప్పున పెట్టారు. నువ్వు పెట్టాల్సిన తీగలు నడుమ స్ట్రట్‌ల మధ్య ఒక కత్తెర, చక్రాల కాళ్ల మధ్య ఒక కత్తెర, తోకకి వెళ్లే కంట్రోల్ కేబుళ్లు, అంతే. ఒక్క సాయంత్రం పని.

కష్టం వేరే చోట ఉంది. మూడు రెక్కలూ ముందు నుంచి చూస్తే ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, ఒక్కటి అర మిల్లీమీటరు వాలినా కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఎందుకంటే పక్కనే పోల్చుకోడానికి ఇంకో రెండున్నాయి. రెక్కలన్నీ ఒకే పొడవు కూడా కాదు, పైది అన్నిటికంటే పొడుగు. చక్రాల ఇరుసు మీద కప్పిన చిన్న పలక కూడా రెక్కలాంటిదే, దాన్ని కూడా వాటికి సమాంతరంగా పెట్టాలి.

జిగురు గురించి ఒక మాట చెప్తాను, ఇది మన తేమ ఊళ్లకి బాగా పనికొస్తుంది. 1917 అక్టోబర్ చివర్లో హైన్రిచ్ గోంటర్మాన్ అనే పేరున్న జర్మన్ పైలట్ నడుపుతున్న ట్రైప్లేన్ పై రెక్క గాల్లోనే విరిగిపోయింది, ఆ దెబ్బలకి ఆయన చనిపోయాడు. వెంటనే ఇంకో పైలట్‌కీ అదే జరిగింది. విమానాలన్నీ ఆపేసి రెక్కలు పరీక్షిస్తే, పనితనం సరిగ్గా లేక లోపలికి చెమ్మ చేరి అతుకులు చెడిపోయినట్టు తేలింది. బయటికి అంతా బాగానే కనిపించిన రెక్కలవి. ఆ కథ చదివినప్పటి నుంచి నేను అతుకు దగ్గర రంగు గీకకుండా జిగురు పెట్టను. రంగు మీద పెట్టిన జిగురు రంగునే పట్టుకుంటుంది, ప్లాస్టిక్కుని కాదు.

వంశధార_నీరు (నరసన్నపేట)
తేమ అన్నారు కాబట్టి, మాకు వానాకాలంలో సూపర్ గ్లూ పెట్టిన చుట్టూ తెల్లగా బూజులా వస్తోంది, ముఖ్యంగా నల్ల రంగు మీద. ఎందుకు?

సన్నతీగ (చీపురుపల్లి)
ఎక్కువ పెడుతున్నారు. దాని ఆవిరి తేమతో కలిసి దగ్గర్లో ఉన్నదాని మీద తెల్లగా దిగుతుంది. ట్యూబుతో నేరుగా పెట్టకండి. ఒక మూత మీద చుక్క వేసుకుని, సూది మొనతో ముంచి, రంధ్రంలో అద్దండి. పెట్టిన వెంటనే డబ్బాలో మూసేయకుండా అరగంట గాలి ఆడే చోట ఉంచండి. వచ్చిన తెలుపు మీద మ్యాట్ వార్నిష్ పడితే చాలావరకు మాయమవుతుంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
మూడు వారాల తర్వాత వస్తున్నాను. ఫ్రీజర్ పద్ధతి పనిచేసింది, ఒక్క స్ట్రట్ మాత్రం కొస విరిగింది, కొబ్బరి ఈనె గీకి దాని బదులు పెట్టాను. రంగు వేశాక ఏది ఈనెదో నాకే తెలియడం లేదు. శుభలేఖ అట్టలతో అచ్చు కట్టి పై రెక్క పెట్టాను, ఈసారి ముందు నుంచి చూస్తే చివర్లు రెండు పక్కలా సమానంగా దగ్గరవుతున్నాయి.

తీగలకి రాగే ఎంచుకున్నాను. మొదటి రోజు ఆరు తీగలు కోసి ఆరూ పొట్టివి చేశాను. తర్వాత అర్థమైంది, డివైడర్ మొన రంధ్రం అంచు మీద కాకుండా లోపల అడుగున ఆనాలి. అప్పటి నుంచి ఒక్కటీ వృథా కాలేదు. జంట ఫ్లయింగ్ వైర్ల మధ్య జాగా ఒకేలా రావడానికి మధ్యలో పోస్టుకార్డు ముక్క దూర్చి రెండోది పెట్టాను, జిగురు ఆరాక లాగేశాను. మా మేనల్లుడు పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు, ఆఖరి ఇన్సిడెన్స్ వైరు పడ్డాక గానీ మాట్లాడలేదు. పెన్సిల్ ముల్లు పొడి వేలికి అద్దుకుని తీగల మీద తేలిగ్గా రాస్తే రాగి ఎరుపు పోయి ఉక్కు మెరుపు వచ్చింది.

ఒకటి అడగాలి, ఈ తీగల చివర్లలో టర్న్‌బకిళ్లు (తీగని తిప్పి బిగించే మర బిళ్లలు) పెట్టాలా?

కోటగోడ (విజయనగరం)
శభాష్ బాబూ. టర్న్‌బకిళ్లు అక్కర్లేదు. బ్రిటిష్ విమానాల రెక్కలకి ఎక్కువగా చప్పటి ఉక్కు తీగలే, గాలికి అడ్డు తక్కువగా ఉండేలా, కోస్తే మధ్యలో లావుగా, రెండు అంచులకీ పలచబడే ఆకారంలో చేసినవి. వాటి చివరే మర ఉంటుంది, దాంతోనే బిగిస్తారు. లావుపాటి టర్న్‌బకిళ్లు కనిపించేవి జర్మన్ విమానాల మీద, వాళ్లు పేనిన గుండ్రటి కేబుల్ వాడారు. నీ రాగి తీగని అద్దం మీద పెట్టి చాకు వెనక వైపుతో గట్టిగా ఒత్తితే కాస్త చప్పగా అవుతుంది, ఇంకోసారి కట్టేటప్పుడు అది చేసి చూడు. దీన్ని మాత్రం ఇంక ముట్టుకోకు.

తర్వాత ఏం కడుతున్నావు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
మన దేశం పైలట్ ఇంద్ర లాల్ రాయ్ నడిపిన ఎస్ఈ-5ఏ బైప్లేన్ కట్టాలని ఉంది మాస్టారు. 1918 జూలైలో రెండు వారాల లోపే గాల్లో పోరాడి 10 విజయాలు, అదే నెల 22న పోయాడు, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. క్యామెల్ పక్కన అది ఉండాలి.

కోటగోడ (విజయనగరం)
కట్టు. దానికి పై రెక్కా కింది రెక్కా రెండూ ఒకే వాలులో పైకి లేస్తాయి, కాబట్టి జాగా చివరిదాకా ఒకటే, అట్ట ముక్కలు నాలుగూ ఒకే ఎత్తు కొయ్యొచ్చు. తీగల వరస నీకిప్పుడు వచ్చు. పైలట్ ముందు పై రెక్క మీద తుపాకీ ఉంటుంది, దాన్ని ఆఖర్న పెట్టు, లేకపోతే తీగలు పెట్టేటప్పుడు చెయ్యి తగిలి నాలుగుసార్లు విరుగుతుంది.

సన్నతీగ (చీపురుపల్లి)
నా దగ్గర మూడు పాత చార్జర్లున్నాయి, ఒకదానిలో పోగులు చాలా సన్నం. ఆదివారం శ్రీకాకుళం వస్తున్నాను, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కలిస్తే ఇస్తాను. పలాస తమ్ముడూ, నువ్వు కూడా వస్తే నీ ట్రైప్లేన్‌కీ సరిపోతాయి.

పలాస_జీడి (పలాస)
వస్తున్నాను అన్నయ్యా. కిట్ నిన్ననే చేతికొచ్చింది, ఇంకా సీలు తియ్యలేదు, అది కూడా పట్టుకొస్తాను, అక్కడే విప్పి చూద్దాం.